చాదస్తమను మాట – సందేహమను వ్యాధి

మన తెలుగులో ‘చాదస్తము’ అను మాటకు పుట్టినిల్లు వేదము. ఛందస్సు అనగా వేదము. దానిని అధ్యయనము చేయువాడు ఛాందసుడు. కాలక్రమమున ఆ పదము గౌరవమును కోల్పోయి, నియమమును పట్టుకొని లోకమును మరచినవానికి పేరైనది. జనుల నోట ‘చాదస్తము’గా మారినది. చేతులు పదేపదే కడుగుకొనువానిని చూచినను, తాళము వేసి నాలుగుమారులు లాగి చూచువానిని చూచినను ‘వానికి చాదస్తము’ అని నవ్వి ఊరకుందుము. ఆ నవ్వులో ద్వేషము లేదు. కాని దాని చాటున ఒక వ్యాధి దాగియుండవచ్చుననియు, ఆ వ్యాధిని మన మాటయు, మన వెండితెరయు, ప్రసిద్ధమైన కొన్ని పరభాషా గ్రంథములును ఎంతవరకు పట్టుకొన్నవో పరిశీలింపవలెననియు నాకు తోచినది. ఈ వ్యాసము అందులకు ప్రయత్నము.

ఆధునిక వైద్యులు ఈ వ్యాధిని ‘అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్’ అందురు, వాడుకలో ‘ఓసీడీ’. ఇందు రెండంగములు కలవు. మొదటిది, పిలువక వచ్చి మనస్సును పట్టుకొని విడువని తలంపు. రెండవది, ఆ తలంపు పుట్టించు భయమును అణచుటకై చేయక తప్పదని తోచు పని. కడుగుట, సరిచూచుట, లెక్కించుట, వ్రాసినదానినే మరల వ్రాయుట, లోలోన ఒక మాటను అనుకొనుట – ఇది ఎట్టిదైనను కావచ్చును. పని చేసిన క్షణమున ఊరట. మరుక్షణమున మరల తలంపు. ఇది దినమునకు గంటకు మించి కాలమును మ్రింగుచున్నను, మనిషిని తీవ్రమైన బాధకు గురిచేయుచున్నను వైద్యులు దీనిని వ్యాధిగా గణింతురు. జీవితమున ఏదో ఒక దశలో నూటికి ఒకరి నుండి ముగ్గురి వరకు దీని వాత పడుదురని అంచనా. పెక్కుమందికి ఇది బాల్యముననో యౌవనారంభముననో మొదలగును. అనగా, వారు మా బడులలో బల్లలమీద కూర్చున్న వయస్సున.

నేను వైద్యుడను కాను. తమిళనాట, కన్నడ దేశపు సరిహద్దుకు చేరువగా, తరతరములుగా తెలుగువారు నివసించు ఒక ఊరిలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుడను. కొన్నేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలిక చదువుచుండెను. ఆమెను గుర్తింపవీలగు వివరములను విడిచి, ఆమెయు తల్లిదండ్రులును అంగీకరించినంత మేరకే చెప్పుచున్నాను. ఆమె దస్తూరి ముత్యాలకోవ. తలకట్టు తలకట్టుగా, వట్రుసుడి వట్రుసుడిగా ఉండును. ఆ నోటుపుస్తకమును తరగతిలో ఎత్తి చూపి ‘వ్రాత యనిన ఇట్లుండవలెను’ అని నేను పలుమారులు మెచ్చుకొంటిని. పుస్తకము నడుమ కాగితములు చింపిన జాడలుండెడివి. కొన్నిచోట్ల రబ్బరుతో తుడిచి తుడిచి కాగితమునకు చిల్లి పడియుండెడిది. వానిని చూచితిని, వాని అర్థమును విచారింపనైతిని. అర్ధసంవత్సర పరీక్షలో ఆ పిల్ల మూడు గంటలు కూర్చుండి రెండు ప్రశ్నలకు మాత్రమే జవాబు వ్రాసినది. బద్ధకమని తలచి అందరియెదుట మందలించితిని. ఆమె తల వంచుకొని నిలిచినది.

కొన్ని నెలల తరువాత, తల్లి సమక్షమున, ఆ పిల్ల నాతో చెప్పిన మాటలివి: “అమ్మ అని రాసేటప్పుడు మావత్తు సరిగా కుదరకపోతే అమ్మకేదో అయిపోతుందని అనిపిస్తుంది సార్. అలా ఏం కాదని నాకు తెలుసు. తెలిసినా, దాన్ని అలా వదిలేయలేను.”

‘తెలుసు’ అనుటకును ‘వదిలేయలేను’ అనుటకును నడుమనున్న అగాధమే ఈ వ్యాధి. నేను మెచ్చుకొన్న ముత్యాలును, నేను మందలించిన తెల్లకాగితములును ఒకే భయమునుండి పుట్టినవి. ఆ సంగతి తెలిసిన పిమ్మట, చదివిన పుస్తకములను, చూచిన చిత్రములను ఒకే ప్రశ్నతో మరల తిరగవేసితిని: ఈ రచన చేతిని మాత్రమే చూపినదా? ఆ చేతిని కదలించు సందేహమును కూడ చూపినదా?

ఆ సందేహపు స్వరూపమును ముందుగా తేటపరచుట మేలు. మన శాస్త్రములు భ్రాంతికి ఉదాహరణముగా త్రాటిని చూచి పామని భ్రమించుటను చెప్పును. దీపము తెచ్చినచో త్రాడు త్రాడుగా కనబడును. భ్రాంతియు భయమును కలిసియే తొలగును. ఉన్మాదికి దీపము తెచ్చినను పామే కనబడవచ్చును. ఓసీడీ గల పెక్కుమంది స్థితి ఈ రెండింటికిని భిన్నము. దీపమున్నది, త్రాడు త్రాడుగానే కనబడుచున్నది, అయినను పాము భయము పోదు. తర్కశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, ఇచ్చట ప్రత్యక్షమునకే ప్రమాణబలము పోయినది. తాళము పడినదని కన్ను చూచును, చేయి లాగి తెలిసికొనును, ‘నిజముగా పడినదా?’ అని మనస్సు అడుగును. ‘అనుమానము పెనుభూతము’ అని మన సామెత. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యులును దీనికి ‘సందేహోన్మాదము’ అని అర్థము వచ్చు పేరే పెట్టిరి.

మనవారు కొందరు ఈ వ్యాధిని మడితో ముడిపెట్టుదురు. మడిలోని మంచిచెడ్డలు వేరు చర్చ. కాని ఆచారమునకును వ్యాధికిని గల భేదము మడి కట్టిన ఇంట పెరిగినవారికి సులభముగా తెలియును. మడికి ఆద్యంతములు కలవు. తడిపి ఆరవేసిన బట్ట కట్టుకొన్నచో మడి వచ్చినది. అంటు తగిలినచో పోయినది. మరల స్నానము చేసినచో మరల వచ్చినది. ఎంతతో సరిపోవునో చెప్పుటకు ఇంటిలో పెద్దలున్నారు, శాస్త్రమున్నది. ఆచారమునకు ‘చాలు’ అను మాట తెలియును. ఈ వ్యాధికి తెలియనిది ఆ ఒక్క మాటయే. పదిమారులు కడిగినచో పదునొకండవమారు కావలెను. పదునొకండు బేసి సంఖ్య గనుక పండ్రెండవది కావలెను. చర్మము పగిలి నెత్తురు వచ్చినను ‘చాలు’ అను అనుభూతి లోపలనుండి రాదు.

చేతులు కడుగుట యనగానే ఆంగ్లము చదివినవారికి స్ఫురించునది షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ నాటకమున రాణి నిద్రలో నడచుచు చేతులు రుద్దుకొను ఘట్టము. నాటకదృష్టిలో అది మహాద్భుతము. కాని దానిని ఈ వ్యాధికి ప్రతీకగా వాడుట పొరపాటు. ఆ చేతులకు నిజముగా నెత్తురంటినది. రాజహత్యలో ఆమెకు పాలున్నది. ఆ పాపము నిద్రలో ఆమెను వెంటాడినది. ఓసీడీతో బాధపడువాడు ఏ నేరమును చేయలేదు. చేసితినేమో, చేయుదునేమో అను సందేహమే అతనికి శిక్ష. ఈ రెండింటిని ఒకటిగా చూచినందువలన, ‘ఊరక ఎందుకు భయపడును? ఏదో చేసియే యుండును’ అను అనుమానము రోగిమీదికి పోవును. తననుతాను దినమంతయు విచారణ జరుపుకొనువానిపై మనమును విచారణ మొదలుపెట్టినట్లగును.

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణము ఒక వైద్యగ్రంథమున కలదు. ఎస్కిరోల్ అను ఫ్రెంచి వైద్యుడు 1838లో ప్రకటించిన గ్రంథమున ఒక స్త్రీని వర్ణించెను. ఆమె వర్తకపు వాతావరణమున పెరిగినది. లెక్కలలో పొరపడి ఎవరికైనను నష్టము కలిగించితినేమోనని ఆమెకు దిగులు పట్టుకొన్నది. బంధువులయింటినుండి వచ్చునపుడు వారి వస్తువేదైనను తెలియక తన జేబులోనికి చేరినదేమోనని భయము. నాణెములు ముట్టినచో విలువగలదేదో వ్రేళ్లకు అంటుకొని వచ్చినదేమోనని భయము. అందుచే చేతులు దులుపుకొనును, రుద్దుకొనును. ఇదంతయు అర్థము లేనిదని ఆమెకే తెలియును. ఇచ్చట పాఠకులు గమనింపవలసినది: ఆమె చేతులు రుద్దుకొన్నది మురికి పోవుటకు కాదు, పరుల సొమ్ము తనవద్ద మిగులకుండుటకు. వెలుపలినుండి చూచువారికి ఆమెయు శుభ్రతపిచ్చి గల మనిషియే. లోపలి కథ వేరు. చేష్టను మాత్రమే వర్ణించిన రచయితకు ఆ కథ దొరకదు.

ఇక మన వెండితెర. 2017లో మారుతి దర్శకత్వమున శర్వానంద్ నాయకుడుగా ‘మహానుభావుడు’ అను చిత్రము వచ్చినది. తెలుగువారి ఇంటింటికి ‘ఓసీడీ’ అను మాటను చేర్చిన ఘనత చాలవరకు దానిదే. అంతకు రెండేండ్ల ముందు అదే దర్శకుడు ‘భలే భలే మగాడివోయ్’లో మతిమరుపును హాస్యమునకు వస్తువుగా గ్రహించెను, ఇందు శుభ్రతను గ్రహించెను. వినోదచిత్రముగా దానిని తప్పుపట్టుట నా అభిమతము కాదు. నేనును నవ్వితిని. విమర్శకుడుగా అడుగవలసినది మరొకటి: ఆ నవ్వు ఎచ్చట నిలబడి నవ్విన నవ్వు? నాయకుడు ఎదుటివాని మురికిని చూచి జడియును. ప్రేక్షకుడు నాయకుని జడుపును చూచి నవ్వును. ఆ జడుపు కలిగిన క్షణమున అతని మనస్సులో ఏమి జరుగుచున్నదో, ఇల్లు చేరిన పిమ్మట ఏకాంతమున అతడెన్ని గంటలు దానితో పెనుగులాడెనో మనకు తెలియదు. తుదకు ప్రేమ అతనిని భయమును దాటించును. కథకు ముగింపు కుదిరినది. కాని చిత్రము చూచి ఇల్లు చేరినవారు దానినుండి ఒక నీతిని గ్రహించు ప్రమాదమున్నది: ప్రేమ గట్టిదైనచో ఈ అలవాటు తనంతట పోవునని. ‘మామీద ప్రేమ ఉంటే మానుకోవా?’ అను ప్రశ్న రోగి ఇంటిలో ఎంత క్రూరమగునో, తల్లికి కీడు కలుగునను భయముచే రాత్రియంతయు ఒకే అక్షరమును దిద్దుచు కూర్చున్న పిల్లను ఎరిగినవారు చెప్పగలరు. ఆ పిల్లకు ప్రేమ కొరవడలేదు. వ్యాధి ఆ ప్రేమనే ఆయుధముగా పట్టుకొన్నది.

ఆంగ్ల నిఘంటుకర్త జాన్సన్ పేరు మన భాషోపాధ్యాయులకు సుపరిచితము. అతని నిఘంటువు 1755లో వెలువడినది. మిత్రుడు బాస్వెల్ వ్రాసిన అతని జీవితచరిత్ర 1791 నాటిది. ద్వారము దాటునపుడు జాన్సన్ ఒక నిర్ణీతస్థలమునుండి ఇన్ని అడుగులు వేయవలెననియు, ఫలానా పాదమే మొదట కదలవలెననియు జాగ్రత్తపడెడివాడనియు, తప్పినచో వెనుకకు పోయి మరల మొదలిడెడివాడనియు బాస్వెల్ నమోదు చేసెను. జాన్సన్‌కు ఉండినది ఏ వ్యాధియో నేటి వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. ఒడలి కదలికలకు సంబంధించిన వేరొక వ్యాధిని చెప్పువారును కలరు. నాకు ముఖ్యమైనది బాస్వెల్ వ్యాఖ్యానము. అది బాల్యమున అబ్బిన మూఢాచారమనియు, దానినుండి విడిపించుమని జాన్సన్ తన వివేకమునకు ఎన్నడును పని పెట్టలేదనియు అతడు ఊహించెను. చూచినదానిని చూచినట్లు వ్రాయుటలో బాస్వెల్‌ను మించినవారు అరుదు. ఆ చూపు ఇచ్చట గడపవద్ద ఆగిపోయినది. ఆ యుగమున వివేకమునకు మారుపేరైన మనిషి, ఒక్క గడపవద్ద మాత్రము వివేకమును పిలువ మరచెనా? పిలిచియే యుండును. అది వచ్చి, అంతయు అర్థరహితమని చెప్పియు ఉండును. చెప్పినను పాదము కదలకుండుటయే బాధ. రోగికి తర్కము చెప్పబోవు ప్రతివారును బాస్వెల్ చేసిన పొరపాటునే చేయుచున్నారు. ఆ తర్కము రోగికి మనకంటె ముందే కంఠస్థము.

లోపలినుండి వ్రాసినవాడు ఒకడున్నాడు. ‘యాత్రికుని ప్రయాణము’ కర్తగా మనవారు కొందరు ఎరిగిన జాన్ బన్యన్, 1666లో తన ఆత్మకథను ప్రకటించెను. బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్న కాలమది. అందు గంటల ఘట్టమొకటి కలదు. యౌవనమున అతనికి చర్చి గంటలు మ్రోగించుట ప్రీతి. అది వ్యర్థవినోదమని తలచి మానెను, మానినను చూడబోయెడివాడు. ఒకనాడు, గంట ఊడి మీద పడినచో? అని తలంపు కలిగినది. పెద్ద దూలము క్రింద నిలిచెను. గంట ఊగి గోడకు కొట్టుకొని మరలి మీదికి వచ్చినచో? గోపురద్వారమునకు జరిగెను, గోడ చాటునకు తప్పుకొనవచ్చునని కొంత ధైర్యము. మరల, గోపురమే కూలినచో? ఇక నిలువలేక పారిపోయెను.

వ్యాధినిర్ణయము చేయుట నా పని కాదు. కాని ఈ ఘట్టము ముందు ఇంతవరకు చెప్పిన రచనలన్నియు వెలవెలబోవునని విమర్శకుడుగా చెప్పగలను. ఇందు మురికి లేదు, సబ్బు లేదు, నవ్వు లేదు. ప్రతి రక్షణమును ఒక కొత్త ‘ఒకవేళ’ను కనుచున్నది. దూలమువలన భయము తీరలేదు. దూలమును దాటివచ్చు మార్గమును వెదకుకొన్నది. అదే గ్రంథమున, తాను ప్రాణముకంటె మిన్నగా ఎంచిన క్రీస్తును అమ్మివేయుమను తలంపు నెలల తరబడి, తినుచున్నను, పని చేయుచున్నను తనను తరిమినదని బన్యన్ చెప్పెను. కోరిక లేని తలంపు, తన భక్తికే విరుద్ధమైన తలంపు! ఇట్టివి నేటికిని కలవు. గుడిలో చేతులు జోడించినంతనే దైవదూషణము మనస్సున మెదలునని కుమిలిపోవు భక్తులున్నారు. కూరగాయలు తరుగు కత్తిని చూచి, పసిబిడ్డకు ఏమి చేయుదునోనని భయపడి కత్తులన్నియు దాచివేయు తల్లులున్నారు. ఆ తలంపు వారి కోరిక కాదు. వారు అత్యంతము ప్రేమించుదానినే వెదకి పట్టుకొనుట ఈ వ్యాధి స్వభావము. ఈ సంగతి తెలియనందున ఎందరో ఎవరికిని చెప్పుకొనక, తాము దుర్మార్గులమని నమ్మి బ్రతుకుచున్నారు.

దీనికి చికిత్స కలదు. భయము కలిగించు సందర్భమునకు మెల్లమెల్లగా ఎదురు నిలిచి, అలవాటైన పరిహారమును చేయకుండ ఓర్చుకొను పద్ధతి ఒకటి. లండనులో విక్టర్ మేయర్ అను మనోవిజ్ఞాన నిపుణుడు 1966లో ప్రకటించిన అనుభవములు దీనికి పునాది. మందులును కలవు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఈ వ్యాధికే ప్రత్యేకమైన క్లినిక్ ఉన్నది. మా బాలికకు చికిత్స చేసిన వైద్యులు నాకును ఒక పని చెప్పిరి. ఆమె వచ్చి ‘సార్, ఇది సరిగ్గానే ఉందా?’ అని అడిగినపుడు, ‘ఉన్నది’ అని చెప్పవలదనిరి. ఆ హామీయే పరిహారమై, మరి పది నిమిషములకు మరల అడిగించుననిరి. ఒప్పును ఒప్పని చెప్పుటకు జీతము పుచ్చుకొను పంతులునకు ఇంతకంటె కష్టమైన పని లేదు. “నీకు ఎట్లు తోచిన అట్లే ఇచ్చిపొమ్మా” అని మాత్రము అనెడివాడను. కొన్నిమారులు ఆ పిల్ల కన్నీళ్లు పెట్టుకొన్నది. పదవ తరగతిలో ఒక పరీక్షకు ఆమె అన్ని ప్రశ్నలకును జవాబులు వ్రాసి, గంట కొట్టకముందే కాగితములు ఇచ్చినది. మూడవ పుటలో ‘అమ్మ’ అను మాటలో మావత్తు వంకరగా, దిద్దకుండ ఉన్నది. ఎర్రసిరా కలము చేతనుండియు నేను దానిని ముట్టలేదు. వ్యాధి నేటికిని పూర్తిగా పోలేదు. కాని ఆమె చదువు సాగుచున్నది.

తుదకు మన సంఘములవారికి ఒక మనవి. పరరాష్ట్రములలో ఉన్న మన పిల్లలకు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒరియాయో మరాఠీయో, ఆసుపత్రిలో తరచుగా ఆంగ్లము. మనస్సులోని భయము మొదట ఇంటిభాషలోనే పుట్టును. చెప్పుకొనుటయు మొదట ఆ భాషలోనే. అందు ‘చాదస్తము’, ‘పిచ్చి’ అను రెండు మాటలు మాత్రమే ఉన్నచో, మొదటిదానికి నవ్వుదురని, రెండవదానికి వెలివేయుదురని పిల్ల నోరు మూసికొనును. మా బాలిక నాతో మాటాడుటకు పట్టిన నెలల ఆలస్యములో నా మందలింపునకు ఎంత పాలున్నదో, మాట కరవునకు అంత పాలున్నది. కొత్త పారిభాషిక పదములను కల్పించుట ఒక్కటే దీనికి మందు కాదు. బన్యన్ గంటల ఘట్టమువంటి ఒక్క కథ, లోపలనుండి వ్రాసినది, మన తెలుగున బడిపిల్లల చేతికి అందవలెను. అది చదివిన పిల్ల ‘నాకును ఇట్లే ఉన్నది’ అని ఇంటిలో చెప్పగలిగినచో, ఆ రచన ధన్యమైనట్లే. మన రచయితలలో ఎవరైనను ఆ పనికి పూనుకొందురని ఆశించుచున్నాను.